రెండు తెలుపులు

కొత్త టాబ్లెట్‌లో ఖాళీ పేజీ తెరిస్తే తెలుపు రెండు రకాలుగా ఉంది. ఎడమ అంచున నీలి జీర, కుడి అంచుకు వచ్చేసరికి పలచటి పసుపు. ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేం. గీత గీసినట్టు ఉంటే పగులో మచ్చో అని వెంటనే తేల్చుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. ఎడమ చివర నుంచి చూపును నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్తే తేడా ఏమీ లేదనిపిస్తుంది. చటుక్కున ఆ చివరా ఈ చివరా చూస్తే రెండూ ఒకే తెరవేనా అనిపిస్తుంది. మన కన్ను అంచుల్ని పట్టుకున్నంత గట్టిగా, మెల్లమెల్లగా మారే ఛాయల్ని పట్టుకోదు. అందుకే ఈ లోపం ఒక క్షణం ఉంటుంది, మరుక్షణం ఉండదు. మనసును పీకేదీ ఆ గుణమే.

నా పని పుస్తకాల ప్రూఫులు దిద్దడం. ఒకప్పుడు గ్యాలీ ప్రూఫులు ప్రెస్సు నుంచి చుట్టలుగా వచ్చేవి. న్యూస్‌ప్రింటు కాగితం, సరిగ్గా ఆరని సిరా. ఆ కాగితం ఎంత తెల్లగా ఉందన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. ఇప్పుడు పీడీఎఫ్‌లు వస్తున్నాయి. గంటల తరబడి తెల్లటి వెలుగు మీద నల్లటి అక్షరాలు. దకారానికి ఒత్తు జారిందా, సున్నా ఎగిరిపోయిందా, దీర్ఘం తెగిందా అని వెతకడమే పని. అలా తేడాలు పట్టడానికి ఏళ్ళ తరబడి సాధన చేసిన కంటితో, అక్షరాల కింద ఉన్న తెలుపులో తేడాను మాత్రం పట్టించుకోవద్దంటే అది వినదు.

మా ఆవిడకు చూపించాను. “ఏముందండీ, తెల్లగానే ఉంది కదా” అంది. మా అమ్మాయి మాత్రం చూడగానే “కుడివైపు పాతబడినట్టుంది నాన్నా” అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. రంగు తేడాలు పట్టే శక్తి అందరికీ ఒకేలా ఉండదు. ఒకే మనిషికి కూడా పొద్దున ఉన్నట్టు రాత్రి ఉండదు. అందుకని అమ్మాయి ముందు గదిని అనుమానించింది. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క ట్యూబ్‌లైటు. వెంటనే టాబ్లెట్‌ను తలకిందులు చేసింది. పసుపు ఎడమవైపుకి వచ్చింది. అంటే ఛాయ గదిలో లేదు, తెరలోనే ఉంది. ఎవరికైనా ఇలాంటి అనుమానం ఉంటే మొట్టమొదట చేయవలసిన పరీక్ష ఇదేనని నా అభిప్రాయం. పైసా ఖర్చు లేదు, ఏ యాప్ అక్కర్లేదు. ఆ తర్వాత రాత్రిపూట తెరను పసుపుగా మార్చే నైట్ లైట్‌ను, గది వెలుతురును బట్టి తెలుపును తనే సర్దుకునే సెట్టింగునూ ఆపేశాం. పైన అంటించిన ప్లాస్టిక్ పొరను ఊడదీశాం. మరో సంగతి కూడా చూడాలి. పదకొండంగుళాల తెరను అడుగు దూరం నుంచి చూస్తే, మధ్యభాగం కంటికి నిటారుగా ఉంటుంది కానీ అంచులు దాదాపు 20 డిగ్రీల ఏటవాలులో కనిపిస్తాయి. ఆ ఏటవాలుకే కొంత రంగు మారుతుంది. కాబట్టి తలను అంచుకు ఎదురుగా జరిపి మళ్ళీ చూడాలి. చూశాం. తేడా తగ్గింది కానీ పోలేదు.

ఫోన్‌తో ఫోటో తీసి చూపిద్దామనుకుంటే అది సాక్ష్యానికి పనికిరాలేదు. కెమెరా తన సొంత లెక్కతో తెలుపును దిద్దుతుంది, మూలల్ని కాస్త చీకటి చేస్తుంది. కొన్నిసార్లు ఉన్నదాన్ని దాస్తుంది, కొన్నిసార్లు రెట్టింపు చేస్తుంది. చూడాలంటే కళ్ళతోనే చూడాలి.

ఈ పసుపు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు, వెనకనుంచి వెలుగు అందాలి. టాబ్లెట్ లాంటి పలచటి వస్తువులో దీపాలను వెనక పెట్టే చోటుండదు కాబట్టి సాధారణంగా ఒక అంచున బుల్లి ఎల్‌ఈడీలను వరసగా అమరుస్తారు. వాటి వెలుగు, తెరంత వెడల్పున పరిచిన ఒక తేటైన ప్లాస్టిక్ పలకలోకి పక్కనుంచి వెళ్తుంది. ఆ పలక మీద వేసిన సన్నటి చుక్కలు వెలుగును తెరవైపు మళ్ళిస్తాయి. దీపాలకు దగ్గర్లో చుక్కలు పలచగా, దూరమయ్యేకొద్దీ దట్టంగా ఉంటాయి. చివరిదాకా వెలుగు సమంగా అందడానికి ఆ ఏర్పాటు. ఆపైన వెలుగును పరిచే పొరలు, పోలరైజర్, గాజు, లిక్విడ్ క్రిస్టల్, రంగుల ఫిల్టర్లు, మళ్ళీ గాజు, మళ్ళీ పోలరైజర్. రెండు గాజు పలకల మధ్య లిక్విడ్ క్రిస్టల్ నిండే ఖాళీ మూడు నాలుగు మైక్రాన్లే, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. ఆ ఖాళీ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకేలా ఉండాలి. ఎక్కడ కొంచెం నొక్కుకుపోయినా అక్కడ రంగు మారుతుంది. నిలువునా అడ్డంగా 2560, 1600 చొప్పున పిక్సెళ్ళున్న తెరలో మొత్తం 40,96,000 పిక్సెళ్ళు. ఒక్కోదానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు భాగాలు. అన్నీ కలిపితే కోటీ ఇరవై రెండు లక్షల పైమాట. ఇన్ని కిటికీలకూ వెలుగు ఆ ఒక్క అంచు నుంచే వెళ్ళాలి.

ఆ ఎల్‌ఈడీల తెలుపు కూడా పుట్టుకతో తెలుపు కాదు. లోపల ఉండేది నీలం ఎల్‌ఈడీ. 2014లో ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది ఆ నీలమే. దాని మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత పూస్తారు. కొంత నీలం పూతను దాటుకుని బయటికి వస్తుంది, కొంత పూతలో పసుపుగా మారుతుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపు. పూత రవ్వంత మందమైతే తెలుపు పసుపుకు వాలుతుంది, పలచనైతే నీలానికి. పైగా ప్లాస్టిక్ పలకలో చాలా దూరం ప్రయాణించే వెలుగులో నీలం వంతు కాస్త ఎక్కువగా ఇంకిపోతుంది. అందువల్ల దీపాలకు దూరంగా ఉన్న అంచు పసుపు తేలడానికి అవకాశం ఎక్కువ. నా టాబ్లెట్‌లో ఒక కొసన నీలం, ఇంకో కొసన పసుపు ఉండటం వెనక కథ ఇదే కావచ్చు. తెలుపును తయారుచేసిన రెండు రంగులూ చెరో వైపుకి జరిగి ఉంటాయి.

ఫ్యాక్టరీలకు ఇదంతా తెలుసు. ఒకే తయారీలో పుట్టిన ఎల్‌ఈడీలే ఒకదానిలా ఒకటి ఉండవు కాబట్టి, వాటిని ఒక్కొక్కటీ కొలిచి, ఛాయను బట్టి వేరు వేరు రాశులుగా విడదీస్తారు. ఆ విభజనకు కొలబద్ద 1942లో వచ్చింది. అమెరికాలో కొడాక్ సంస్థలో పనిచేసిన డేవిడ్ మెకాడమ్, రెండు రంగులు ఎంత దగ్గరికి వస్తే కన్ను వాటిని ఒకటే అంటుందో కొలవాలనుకున్నాడు. ఒకే ఒక్క మనిషిని కూర్చోబెట్టి 25 రంగుల దగ్గర, పాతికవేల సార్లకు పైగా రంగుకు రంగు సరిపోల్చమన్నాడు. ఆ ఫలితాల నుంచి పుట్టిన దీర్ఘవృత్తాలను ఇప్పటికీ మెకాడమ్ దీర్ఘవృత్తాలంటారు. ఇవాళ బల్బు అట్టపెట్టె మీద ఛాయ తేడా ఎన్ని మెట్లలోపు ఉందో రాస్తే, ఆ మెట్ల లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే. పేరు కూడా పెద్దగా ఎవరికీ తెలియని ఒక మనిషి, గంటల తరబడి ఒక పరికరంలోకి చూస్తూ “ఇప్పుడు సరిపోయింది” అన్న పాతికవేల సార్లను తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. నా వృత్తికి దగ్గరి పని చేసిన మనిషి కాబట్టి కావచ్చు.

అసలు తెలుపు అంటే ఏ తెలుపు? మన ఇళ్ళలో తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు ఉతికాక నీలిమందు నీళ్ళలో జాడించేవాళ్ళు. ఇప్పుడూ జాడిస్తున్నారు. గోడలకు వేసే సున్నంలోనూ చిటికెడు నీలిమందు కలిపేవాళ్ళు. పాతబడ్డ బట్ట పసుపుకు తిరుగుతుంది. దానికి కాస్త నీలం అద్దితే కన్ను దాన్ని కొత్తది అనుకుంటుంది. తరతరాలుగా మనం శుభ్రంగా ఉన్న తెలుపు అని పిలుస్తున్నది నీలం కలిసిన తెలుపునే. పసుపు తేలిన తెలుపు మనకు మాసిన తెలుపు. చీరల కొట్లో దానికి మళ్ళీ గౌరవమైన పేర్లున్నాయి: మీగడ రంగు, గంధం రంగు, హాఫ్‌వైట్. అవి కావాలని ఎంచుకున్న పసుపులు. అడగకుండా వచ్చిన పసుపును ఎవరూ మీగడ అనరు. మా అమ్మాయి నోటినుంచి “పాతబడినట్టుంది” అన్న మాట అంత త్వరగా వచ్చింది ఇందుకే.

తెరల ప్రమాణం వేరు. మబ్బు పట్టిన పగటి వెలుతురుకు దగ్గరగా ఉండే 6500 కెల్విన్ల తెలుపును తెరలకు ప్రమాణంగా పెట్టుకున్నారు. మన ఇళ్ళల్లో వెలిగిన పాత ఫిలమెంటు బల్బు 2700 దగ్గర ఉండేది, పచ్చటి వెలుగు. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలానికి పోతుంది. ఫోటోలు ప్రింటు చేసే మిత్రుడొకాయన దగ్గర తెర రంగును కొలిచే చిన్న పరికరం ఉంది. తీసుకెళ్ళి పెట్టించాను. ఎడమ అంచు ఏడువేలు దాటింది, కుడి అంచు 6500కు కిందే ఉండిపోయింది. ప్రమాణం చెప్పిన తెలుపు పేజీ నడిమధ్య ఎక్కడో ఒక సన్నటి పట్టీలో ఉంది. “మాస్టారూ, మీరు పసుపును తప్పంటున్నారు గానీ, ఈ యంత్రం రెండు వైపులనీ తప్పంటోంది” అన్నాడాయన. ఆ మాట నాలో చాలా రోజులు మెదిలింది. తప్పు ఒక పక్కన లేదు. రెండు పక్కలూ ఒకదానికొకటి కుదరకపోవడమే తప్పు. తెర మొత్తం ఆ పసుపులోనే ఉండి ఉంటే నేను గమనించేవాణ్ణే కాదు. మొత్తం ఆ నీలంలో ఉన్నా అంతే. పక్కన పోలిక లేని రంగును కన్ను త్వరలోనే తెలుపుగా ఒప్పేసుకుంటుంది.

ఆ ఒప్పుకోవడం ఎంత దూరం వెళ్తుందో నాకు మా అమ్మ వల్ల తెలుసు. ఆవిడకు కుడికంటికి శుక్లాల ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చాక గదంతా కలయజూసి, “సున్నం ఎప్పుడు వేయించావురా? నీలిమందు ఎక్కువ పడ్డట్టుందే” అంది. వేయించలేదు. కొత్త కంటిని మూసి పాత కంటితో చూడమన్నాను. “ఆ, ఇది మన గోడే” అంది. వయసు పెరిగేకొద్దీ కంట్లోని కటకం పచ్చబడి నీలాన్ని అడ్డుకుంటుంది. ఏళ్ళ తరబడి జరిగే ఆ మార్పు మనిషికి తెలియదు. దాన్ని తీసేసి తేటైన కటకం పెట్టగానే అన్నాళ్ళూ ఆగిపోయిన నీలమంతా ఒక్కసారిగా లోపలికి వస్తుంది. కొన్ని వారాలకు అమ్మ ఆ మాట ఎత్తడం మానేసింది. ఎడమ కంటికి చాలాకాలం దాకా ఆపరేషన్ చేయించలేదు. ఆ కాలమంతా ఒక కంట నీలి తెలుపు, ఇంకో కంట పచ్చ తెలుపు చూస్తూనే ఆవిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరింది, సాయంత్రం పేపరు చదివింది. రెండు తెలుపులున్నాయని మళ్ళీ ఒక్కసారి కూడా అనలేదు. అడిగితే “అవునవును” అని ఒక కన్ను మూసి చూసేది.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనె కథ దీనికి పూర్తిగా ఎదురు. 1923లో, ఎనభై రెండేళ్ళ వయసులో, ఆయన కుడికంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత రంగులు తారుమారయ్యాయని, ఒకసారి అంతా పసుపనీ ఇంకోసారి అంతా నీలమనీ బాధపడ్డాడు. రంగు అద్దాలు పెట్టుకున్నాడు. ఎడమ కంటికి ఆపరేషన్‌కు ఒప్పుకోనే లేదు. మా అమ్మకు, ఆయనకు కంట్లో జరిగింది దాదాపు ఒకటే. అమ్మకు బియ్యపు గింజకూ రాయికీ తేడా తెలిస్తే చాలు. మోనెకు కలువకొలను నీళ్ళ మీద సాయంత్రపు నీలం ఎంతో తెలియాలి. ఒకే లోపం ఒకరి పనిని తాకలేదు, ఇంకొకరి పనిని నిలువునా కదిలించింది. మోనెను చాదస్తపు మనిషి అనడానికి నాకు నోరు రాదు. అమ్మ సర్దుకుపోయింది అనడమూ నాకిష్టం లేదు. ఆవిడ సర్దుకోలేదు, ఆవిడకు అక్కర్లేకపోయింది.

మన కంటి లోపలి తెర కూడా సమంగా లేదు. రెటీనా నడుమ, సూటిగా చూసినప్పుడు వెలుగు పడే చోట, పసుపు వర్ణకం ఉంటుంది. అది నీలాన్ని కొంత మింగేస్తుంది. ఆ నడిమధ్య చుక్కలో నీలాన్ని పట్టే కణాలే ఉండవు. దృష్టినాడి బయటికి వెళ్ళే చోట ఏ చూపూ లేని గుడ్డిమచ్చ ఉంటుంది. ఇలాంటి తెరను ఏ కంపెనీ అయినా అమ్మితే మొదటిరోజే వెనక్కి పంపిస్తాం. మెదడు దాన్ని జీవితాంతం దిద్దుతూ, మనకు అతుకు లేని లోకాన్ని చూపిస్తుంది. 1804లో స్విట్జర్లాండ్ వైద్యుడు ట్రాక్స్‌లర్ మరో సంగతి గమనించాడు: చూపును ఒకే బిందువు మీద కదలకుండా నిలిపితే, పక్కన ఉన్న లేత మచ్చలు కాసేపటికి మాయమైపోతాయి. చూపు కదిపితే మళ్ళీ వస్తాయి. చదివేటప్పుడు మన దృష్టి పదాల మీద నిలుస్తుంది, అంచుల ఛాయలు మెల్లగా మాసిపోతాయి. మచ్చ ఉందా అని వెతికేటప్పుడు చూపు అటూ ఇటూ పరిగెడుతుంది, ప్రతి పరుగుకీ మచ్చ కొత్తగా పుడుతుంది. తెరను పరీక్షించే కన్ను, తెర మీద చదివే కన్ను ఒకే మనిషివైనా ఒకే పని చెయ్యవు.

అలాగని “అంతా మీ కళ్ళల్లోనే ఉంది” అనే మాటను నేను ఒప్పుకోను. షోరూమ్‌లో కుర్రాడు మర్యాదగానే “మీకలా అనిపిస్తోంది సార్, కొత్తది కదా, వాడగా వాడగా అలవాటైపోతుంది” అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో తెరను నాలుగు రంగుల్లో వెలిగించి చూసి “లిమిట్‌లోనే ఉంది” అన్నారు. ఆ లిమిట్ ఎంత అని అడిగితే జవాబు లేదు. నన్ను బాధపెట్టింది ఆ పసుపు కన్నా ఈ జవాబు లేకపోవడమే. వెలగని చుక్కల విషయంలో లోకం ఒక లెక్కకు వచ్చింది. 2001 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఒకటి, మామూలు తరగతి తెరలో పది లక్షల పిక్సెళ్ళకు ఎప్పుడూ వెలిగే ఉండేవి రెండు, ఎప్పుడూ ఆరిపోయే ఉండేవి రెండు, పిక్సెల్‌లో ఒక భాగం మాత్రమే చెడినవి అయిదు దాకా ఉండొచ్చని అంకెలతో చెప్పింది. తర్వాత దాని స్థానంలో మరో ప్రమాణం వచ్చింది. ఆ అంకెలు మనకు నచ్చినా నచ్చకపోయినా, వాదించడానికి ఒక గీత ఉంది. ఛాయ తేడాకు కూడా ఫ్యాక్టరీ లోపల గీతలున్నాయి. జపాన్ వాళ్ళు ‘ముర’ అని పిలిచే ఈ అసమానతను కెమెరాలతో కొలుస్తారు. ఓఎల్‌ఈడీ తెరల్లో అయితే ఒక్కో ప్యానెల్‌నూ ఫోటో తీసి, ఎక్కడ ఎంత దిద్దాలో లెక్కకట్టి, ఆ దిద్దుబాటును తెరతోపాటే పంపిస్తారు. రంగులతో పనిచేసేవాళ్ళ కోసం మానిటర్లు చేసే జపాన్ కంపెనీ ఐజో, తెరంతా వెలుగూ రంగూ సమంగా ఉండేలా దిద్దే ఏర్పాటును వాటిలోనే పెడుతుంది. చెయ్యలేనిది కాదు, ఖర్చుతో కూడినది. మామూలు టాబ్లెట్ పెట్టె మీద మాత్రం పిక్సెళ్ళ అంకె ఉంటుంది, వెలుగు అంకె ఉంటుంది, రంగుల కోట్ల లెక్క ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొసకు తేడా ఎంతకు మించదో చెప్పే అంకె ఉండదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపం అంటే ఏమిటో చెబుతూ, చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో అమ్మేవాడు చెప్పుకున్నదాని ప్రకారమో ఉండవలసిన నాణ్యతలో కొరతను లోపం అంటుంది. అంటే పట్టుకోవడానికి ఏదో ఒక మాట ఉండాలి. పెట్టె మీద ఆ అంకె లేకపోతే, కొన్నవాడు ఏ మాట పట్టుకుని అడగాలి? నా మట్టుకు నాకు, తయారీదారులు ఆ ఒక్క అంకెను అచ్చువేయడం మొదలుపెడితే, షాపుల్లో జరిగే ఇలాంటి నిస్సహాయమైన సంభాషణల్లో సగం ఆగిపోతాయి. అప్పటిదాకా కొనేవాళ్ళకు ఉన్న గట్టి ఆధారం తిరిగి ఇచ్చే గడువే. అంటించిన జిగురు పూర్తిగా ఆరక పసుపు ఉంటుందని, కొద్దిరోజుల్లో తనే పోతుందని ఒక మాట 2010 నుంచి ప్రచారంలో ఉంది. గాజును ప్యానెల్‌కు అతికించడానికి పారదర్శకమైన జిగురు వాడే మాట నిజమే. కానీ మీ తెర పసుపు ఆ జిగురుదో, ఎల్‌ఈడీలదో బయటినుంచి ఎవరూ చెప్పలేరు. ఆరుతుందేమోనని గడువు దాటనివ్వడం మాత్రం తగదు. గడువులోపల అడిగినా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నేను గడువులోపలే అడిగాను, మార్చి ఇచ్చారు. గంటల తరబడి తెల్లని పేజీలు చూడటమే నా పని కాబట్టి అడిగాను. రెండో టాబ్లెట్ వచ్చింది. తెల్లని పేజీ పెట్టి చూస్తే ఈ కొస, ఆ కొస కలిశాయి. కింద కుడి మూలన మాత్రం చిన్న గులాబీ ఛాయ ఉంది, అణా కాసంత. మా అమ్మాయి పరీక్ష మళ్ళీ పెట్టబోతుంటే వద్దన్నాను. ముందు ఒక పుస్తకం ప్రూఫు మొత్తం దాని మీద దిద్దాను. మామూలుగా, పగటి వెలుతురులో, సగం వెలుగు పెట్టుకుని. ఆ మూల పేజీ అంకె కింద మార్జిన్‌లో పడుతుంది. పనిలో ఉన్నంతసేపు ఒక్కసారి కూడా దాని మీదికి చూపు పోలేదు. టాబ్లెట్‌ను ఉంచుకున్నాను. మొదటిదాన్ని తిప్పి పంపినందుకు, రెండోదాన్ని ఉంచుకున్నందుకు నాకున్న కారణం ఒక్కటే. పరీక్ష కోసం పెట్టుకున్న తెలుపు, బూడిద పేజీల బొమ్మల్ని ఆరోజే తీసేశాను. పని అడగని పరీక్షను కంటికి మాటిమాటికీ పెట్టడం దానికి చేసే అన్యాయం.

రాత్రిళ్ళు దాని మీదే పాత ‘భారతి’ సంచికలు చదువుతున్నాను. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన పత్రిక. స్కాన్ చేసిన పేజీలు ఒక్కోటీ ఒక్కో పసుపు. అంచులు తేనెరంగు, మడత దగ్గర గోధుమ మరక, పక్క పేజీ సిరా ఇంకిన నీడ. తెరలో ఏముందో, కాగితంలో ఏముందో విడదీసి చెప్పడం అసాధ్యం. ఆ పేజీల మీద మొదటి టాబ్లెట్‌ అయినా నాకు సరిపోయేది.

మా చెల్లెలి కూతురికి మాత్రం సరిపోదు. ఆ పిల్ల చీరల మీద అచ్చులకు డిజైన్లు గీస్తుంది. అడుగు రంగుగా హాఫ్‌వైట్ వేసి, దాని మీద ఆకులు, హంసలు, మామిడి పిందెలు. మొన్న కొత్త టాబ్లెట్ పట్టుకుని వచ్చింది. “మావయ్యా, ఇదే రంగు పైన వేస్తే హాఫ్‌వైట్‌లా ఉంది, కింద వేస్తే గంధంలా ఉంది. అచ్చులో ఏదొస్తుందో నాకే తెలియట్లేదు” అంది. షాపువాళ్ళు ఆమెకూ అలవాటైపోతుందనే చెప్పారట. అలవాటు అవుతుంది, నిజమే. అలవాటైన కంటితో ఆమె ఎంచిన గంధం బట్ట మీద ఇంకో రంగై దిగుతుంది, ఆ నష్టం ఆమెదవుతుంది. తలకిందులు చేసి చూశాం, తలను ఆ అంచుకు ఎదురుగా జరిపి చూశాం. పసుపు ఉంది, ఆ అంచును వదలకుండా ఉంది. తిరిగి పంపించమన్నాను. గడువు ఇంకా ఉంది. ఫిర్యాదు పెట్టడానికి కూర్చుని “స్క్రీన్ కలర్ బాగాలేదు” అని మొదలుపెట్టింది. ఆ వాక్యం కొట్టేసి, ఇద్దరం కలిసి మళ్ళీ రాశాం: “నైట్ లైట్ ఆపి, సగం వెలుగు వద్ద, పూర్తి తెల్లని పేజీలో చూసినప్పుడు కింది అంచు నుంచి రెండంగుళాల మేర పసుపు ఛాయ కనిపిస్తోంది. టాబ్లెట్‌ను తలకిందులు చేసినా ఆ ఛాయ ఆ అంచుతోపాటే పైకి వస్తోంది. నేను వస్త్రాలకు రంగులు ఎంచే పని చేస్తాను, ఈ తెర మీద ఆ పని చేయలేకపోతున్నాను. మార్చి ఇవ్వగలరు.”